కమ్మరి కొలిమియు ఆయుధ శాసనమును

కొన్ని దినముల క్రిందట చిలకలపూడి యువకుడొకడు మాపటివేళ మాయొద్దకు వచ్చి, చంకనున్న కాగితపు చుట్టను బల్లపై విప్పి పరచెను. అతని తండ్రియు తాతయు గిల్టునగల అచ్చులు చెక్కినవారు. తాను పాలిటెక్నిక్కులో చదివి, లేతు యంత్రముపై పని నేర్చి, ఇంటి వెనుక పాకలో చిన్న కొలిమియు, దాగలియు, ఆకురాళ్లును అమర్చుకొన్నవాడు. ఆ కాగితములపై గీయబడి యున్నది పాతకాలపు నాటుతుపాకి. మూతినుండి మందు పోసి, గుండు వేసి, గజముతో దట్టించి, చెకుముకిరాతి నిప్పుతో పేల్చునట్టిది. గొట్టము మొదలు కుందా వరకు ప్రతి అంగమును తన చేతులతోనే చేయవలెనని అతని సంకల్పము. "ప్లీడరుగారూ, ఇది తప్పగునా?" అని అడిగెను.

తప్పేయగునని చెప్పితిమి. 1959 సంవత్సరపు ఆయుధముల చట్టము అయిదవ సెక్షను ప్రకారము అనుమతిపత్రము లేనిదే తుపాకి చేయరాదు, అమ్మరాదు, బాగుచేయనైనను రాదు. తుపాకి యనగా పూర్తియైన తుపాకియే కాదు. దాని అంగములును ఆ మాటలోనే చేరియున్నవి. అనుమతి లేక చేసినవానికి 2019 సంవత్సరపు సవరణ తరువాత ఏడేండ్లకు తక్కువగాని ఖైదు, యావజ్జీవమువరకు పోగల శిక్ష. "పాతకాలపు మాదిరి ఆయుధములకు మినహాయింపు కలదందురే?" యని అతడు మరల అడిగెను. కలదు. నలువదియైదవ సెక్షనులో కలదు. కాని ఆ మినహాయింపు, మరమ్మతు చేసినను చేయకున్నను పేలుటకు పనికిరాని వస్తువునకే చెల్లును. పేలగల తుపాకి నూరేండ్ల నాటి మాదిరిదైనను, నిన్న చేసినదైనను చట్టము దృష్టిలో తుపాకియే.

అతడు కాగితములను నెమ్మదిగా చుట్టుకొనుచు, "పేల్చుటకు కాదండీ. చేయగలనో లేనో చూచుకొందమని," అనెను.

ఈ మాట మమ్ము చాల దినములు వెంబడించినది. చట్టము చెప్పుట మా వృత్తి గావున చెప్పితిమి. చెప్పిన చట్టము సరియైనదే. కాని ఆ యువకుని ప్రశ్న నేరమును గూర్చినది కాదు. మనవారి చేతిపనిలో ఏమి మిగిలినది, ఏమి పోయినది అనుటను గూర్చినది. దానికి సమాధానము శిక్షాస్మృతిలో దొరకదు. అందువలననే ఈ వారము ఈ విషయమును పాఠకుల యెదుట పెట్టుచున్నాము.

తుపాకి యను మాట తురుష్కుల నుండియు, ఫిరంగి యను మాట పరంగివారి పేరునుండియు మనకు వచ్చినవి. మాట పరాయిదైనంత మాత్రమున పని పరాయిది కాలేదు. బందరు రేవున ఆంగ్లేయులు 1611లో వర్తకశాల పెట్టినప్పటికే గోలకొండ సీమ ఇనుమును, ఉక్కును దేశాంతరములకు పేరెన్నికగన్నవి. ఆ కాలమున బందరులో ఆంగ్లేయ వర్తకులకు అధిపతిగా నుండిన మెథవోల్డు తన వృత్తాంతమున ఈ రాజ్యపు ఇనుమును, ఉక్కును పేర్కొనియున్నాడు. నిజామాబాదు సీమలోని కోనసముద్రమున మూసలలో కరగించి తీసిన ఉక్కుముద్దలకై పారసీక వర్తకులు పనిగట్టుకొని వచ్చెడివారని పందొమ్మిదవ శతాబ్దారంభమున అచటికి పోయి చూచిన వాయిసీ దొర వ్రాసెను. డమాస్కసు కత్తియని ప్రపంచము మెచ్చిన దానికి మూలలోహము మన కమ్మరి మూసలోనిది. అట్టి చేతులకు తుపాకి గొట్టము పెద్దపనియా?

పెద్దపనియే. ఇందులో అతిశయోక్తికి తావులేదు. ఇనుపరేకును ఎఱ్ఱగా కాల్చి ఇనుపకడ్డీపై చుట్టి, అంచులు రెండును ఒక్కటియగునట్లు అంగుళమంగుళము సమ్మెటతో అదుకవలెను. ఆ అదుకులో వెంట్రుకవాసి సందు మిగిలినను ఒకనాడు అది పేల్చువాని ముఖముననే చీలును. లోపలి రంధ్రము మొదటినుండి తుదివరకు నిటారుగా నుండవలెను. వెనుకటి కొన గట్టిగా మూయబడవలెను. జపానునకు పోర్చుగీసువారు 1543లో తనెగషిమా ద్వీపమున మొదట తుపాకి చూపినప్పుడు అచటి కత్తుల కమ్మరి చూచి గొట్టము చేయగలిగెనట గాని, వెనుకటి కొనను మరచీలతో మూయు విధము తెలియక మరల ఓడ వచ్చు వరకు ఆగవలసివచ్చెనని వారి కథ. కత్తులు చేయుటలో లోకమునకు గురువులనదగిన వారికే ఆ చిన్న మర చిక్కు పెట్టినది. పని గొప్పతనము ఇట్టి చోటులనే తెలియును.

గొట్టముతో పని తీరలేదు. కుందాకు కఱ్ఱ కోయవలెను, వంపు తీయవలెను, అది వడ్రంగిది. రంజకపు గిన్నెయు, ఇత్తడి పట్టీలును కంచరివానివి. మీటయు, చెకుముకిరాతిని పట్టియుండు కొక్కెమును, వానిని విసరు కమానును అమర్చుటకు కంసాలికున్నంత కన్నును వ్రేళ్లును కావలెను. గొట్టముపై లతలు చెక్కుటకు శిల్పి. పంచాణమువారి అయిదు వృత్తులును ఒకే వస్తువులో కలిసిన పని మన పల్లెలలో మఱి యేమి కలదు? రథము కలదు, తుపాకి కలదు. రథము నేటికిని ఏటేట వీధులలో నడచుచున్నది. రెండవదాని పనివాడు ఎక్కడనున్నాడు?

అతడెట్లు పోయెనో చెప్పవలెనన్న బందరు కోట నుండియే మొదలిడవలెను. 1759 ఏప్రిలు నెలలో కర్నలు ఫోర్డు రాత్రివేళ బురదలోబడి వచ్చి ఫ్రెంచివారి చేతిలోని ఆ కోటను పట్టుకొనెను. పట్టుకొన్నవారికంటె పట్టుబడినవారే ఎక్కువమంది. ఉత్తర సర్కారులలో ఫ్రెంచివారి ప్రాబల్యము ఆ రాత్రితో ముగిసినది. ఆనాడు ఇరువైపుల ప్రేలిన చేతి తుపాకులు మూతినుండి మందు దట్టించునట్టివే. దాదాపు నూరేండ్లకు, 1857లో, సిపాయిల నోటికి అందిచ్చిన క్రొవ్వు తూటాయును ఇదే జాతి తుపాకికై చేసినది. తూటా కొనను పండ్లతో కొరికి మందును మూతిలో పోయవలెను గనుకనే ఆ క్రొవ్వు ఏ జంతువుదను ప్రశ్న పుట్టినది. ఆ తిరుగుబాటులో చెన్నపట్టణపు సైన్యము చేరలేదు. అయినను తరువాత దేశమంతటిని నిరాయుధము చేసిన శాసనము మన రాజధానికిని వర్తించినది.

1878 మార్చి నెలలో, లిట్టను ప్రభువు ఏలుబడిలో, రెండు శాసనములు వెంటవెంటనే పుట్టినవి. ఒకటి దేశభాషా పత్రికల నోరు కట్టుటకు. రెండవది దేశీయుల చేతులు కట్టుటకు. పత్రికల శాసనమును రిప్పను ప్రభువు నాలుగేండ్లలో తీసివేసెను. పత్రికలు నడపువారికి అరచుట తెలియును గనుక అది తొలగినదేమో! కమ్మరికి అరచుట తెలియదు. ఆయుధ శాసనము దేశమునకు స్వాతంత్ర్యము వచ్చిన తరువాతను నిలిచి, 1959 చట్టము 1962లో అమలులోనికి వచ్చు వరకు ఉండెను. తెల్లవారికి మొదట ఆ శాసనమున మినహాయింపు కలదు. నల్లవానికి అనుమతిపత్రము కావలెను. ఈ వివక్ష పోవుటకు నలువది యేండ్లు పట్టినది.

ఒక విచిత్రమును గమనింపుడు. 1878 నాటికి బ్రిటిషు సైన్యము చేతిలో నున్నది వెనుకనుండి తూటా పెట్టు మార్టిని-హెన్రీ తుపాకి. మూతినుండి మందు దట్టించు తుపాకి అప్పటికే యుద్ధభూమినుండి వెడలిపోయినది. అనగా ఆ శాసనము మన కమ్మరి చేతినుండి లాగికొన్నది సామ్రాజ్యమును కూల్చగల ఆయుధమును కాదు. కాలము చెల్లిన ఆయుధమును. రామరాజు 1922 ఆగష్టులో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాలపై పడి తుపాకులు తీసికొనిపోయినది అందులకే. కొండలలోని నాటుతుపాకి సర్కారు తుపాకికి ఎదురునిలువదని అతనికి తెలియును. రాజ్యమునకు కలిగిన రక్షణ స్వల్పము. వృత్తికి కలిగిన నష్టము సమూలము. గొట్టము అదుకు నేర్పు తండ్రినుండి కొడుకునకు రెండు తరములు రాకపోయిన చాలును. మూడవ తరమువానికి అది పుస్తకములో బొమ్మ యగును.

మన పెద్దలు ఈ విషయమున మౌనముగా నుండలేదు. 1887లో చెన్నపట్టణమున కూడిన కాంగ్రెసు మహాసభలో ఆయుధ శాసనమును రద్దు చేయవలెనని వాదించినవారిలో ఇరువది తొమ్మిదేండ్ల యువకుడు విపినచంద్రపాలు ఒకడు. ఆ పాలుగారే ఇరువది యేండ్లకు, 1907లో, ముట్నూరి కృష్ణారావుగారి వెంట ఆంధ్రదేశమంతయు తిరిగి బందరునకు వచ్చెను. ఆ రాకవలన రగిలిన నిప్పునుండి 1910లో ఆంధ్ర జాతీయ కళాశాల వెలసినది. కోపల్లె హనుమంతరావుగారు తమ ప్లీడరు పనిని కాదని, తమ జీవితమును దానికి ధారపోసిరి. అచట బాలురకు గ్రంథములతో పాటు మగ్గమును, వడ్రంగమును, యంత్రపు పనిని నేర్పిరి. ఆయుధము కావలెనని అడిగిన నోటి మాట బందరులో పనిముట్టుగా మారినదని మేము తలచుదుము. చరిత్రకారులు ఒప్పుకొనకపోవచ్చును. కాని చేతులు కట్టబడిన జాతికి మొదట తిరిగి కావలసినది తుపాకియా, చేతులా? హనుమంతరావుగారి సమాధానము కళాశాల పెరటిలోని కర్మాగారముగా కనబడెను.

గాంధీమహాత్ముడు 1918లో ఖేడాసీమలో సైన్యమునకు మనుష్యులను చేర్చునప్పుడు, బ్రిటిషువారు చేసిన అపచారములలో ఒక జాతినంతను నిరాయుధము చేసిన ఆ శాసనమును మిక్కిలి నల్లనిదిగా చరిత్ర యెంచునని వ్రాసెను. అహింసావ్రతుడు ఇట్లు వ్రాసెనేమని ఆశ్చర్యపడువారు కలరు. ఆశ్చర్యమేల? ఆయుధము పట్టగలిగియు విడిచినవాని అహింస వేరు, పట్టుటకే అనుమతి లేనివాని అహింస వేరు. అదే గాంధీ, 1927లో నాగపురమున ఆవారీగారు కత్తులు చేబూని ఆయుధ శాసనమును ధిక్కరించినప్పుడు దానిని సత్యాగ్రహమని అంగీకరింపలేదు. మూడేండ్లకు ఉప్పును ఎంచుకొనెను. మన బందరు తీరమునను జనులు కుండలతో సముద్రపు నీరు మరగించిరి. ఇంట ఉప్పు వండుట నేరము, ఇంట తుపాకి చేయుట నేరము. రెండు నేరములలో దేనిని ధిక్కరింపవలెనో, దేనిని ధిక్కరింపరాదో ఆయన కెఱుకయే. ఉప్పు చేసినవాడు ఎవనిని చంపలేడు.

1931లో కరాచీ మహాసభ ప్రకటించిన ప్రాథమిక హక్కులలో, నియమములకు లోబడి ఆయుధము కలిగియుండు హక్కు ఒకటి. దేశము స్వతంత్రమైన పిదప, 1948 డిసెంబరులో రాజ్యాంగ సభలో కామతుగారు ఆ మాటను గుర్తుచేసి సవరణ తెచ్చిరి. అంబేద్కరుగారు ఒప్పుకొనలేదు, సభ త్రోసిపుచ్చెను. నేడు రాజ్యాంగపు పందొమ్మిదవ అధికరణము పౌరులకు శాంతియుతముగను, ఆయుధములు లేకుండగను కూడు హక్కును మాత్రము చెప్పుచున్నది. ఆనాటి దేశవిభజన నెత్తుటి మరకలు ఆరని దినములలో అంబేద్కరుగారు వేరొక మాట చెప్పుట సాధ్యమా? ఆ తీర్పునకు మేము తలయొగ్గుచున్నాము. మఱియు 1959 చట్టము నాటుతుపాకిని బొత్తిగా మరచిపోలేదు. పైరు కాచుకొనుటకు నిజముగా కావలసినవానికి మూతినుండి మందు దట్టించు తుపాకికి అనుమతి ఈయవలెనని పదమూడవ సెక్షను చెప్పుచున్నది. కూర్గు దేశపు కొడవలకు ఆంగ్లేయుల కాలమునుండి వచ్చిన మినహాయింపును కేంద్రప్రభుత్వము 2019లో మరి పదేండ్లకు పొడిగించినది. వారు ఏటేట తుపాకికి పూలు పెట్టి పూజింతురు.

ఇంతవరకు చదివిన పాఠకుడు, ఇంకేమి, చట్టము మార్చి ఇంటింట కొలిమి రగిల్పుమందురా యని మమ్ము ప్రశ్నింపవచ్చును. అనము. అట్లనువాడు నాటుతుపాకి గాయమును చూడనివాడు. మన్యములో, నల్లమలలో రాత్రివేళ పందికై పొంచియున్న రైతు పొద చాటున కదలినది పందియనుకొని పేల్చగా తోటివాడు చచ్చిన వార్తలు పత్రికలలో తరచుగా కనబడునవే. గొట్టము పగిలి వ్రేళ్లు పోగొట్టుకొన్నవారిని చూచితిమి. తెలంగాణమున 1946 మొదలు 1951 వరకు పల్లెలవారు వడిసెలలతోడను, బర్మారులతోడను రజాకార్లను, సైన్యమును ఎదుర్కొన్నప్పుడు ఆ బర్మారునకు అర్థమొకటి. నేడు దొంగచాటున చేసి సంతలో అమ్మబడు బర్మారునకు అర్థము మఱియొకటి. దీనిని గూర్చి మాకు సందేహము లేదు.

మఱి మా బాధ యేమి? చట్టము నేరమును, నేర్పును ఒకే సంచిలో వేసి కట్టుటయే మా బాధ. మా యనుభవమున ఒక సంగతి చెప్పెదము. పిట్టలు కొట్టి బ్రతుకు సంచారజాతికి చెందిన ముదుసలి యొకడు నాటుతుపాకితో పట్టుబడగా అతని పక్షమున మేము నిలిచితిమి. తుపాకిని కోర్టులో బల్లపై పెట్టిరి. గొట్టము తన తాతనాటిదని, కుందా తన తండ్రి మార్చినదని, కొక్కెము తాను చేసికొన్నదని అతడు వరుసగా వ్రేలితో చూపుచు చెప్పెను. తన నేరమును తానే ఇంత వివరముగా ఒప్పుకొన్న ముద్దాయిని మేము చూడలేదు. అతనిని ఆపుటకు మా కోటు కొసను లాగవలసినవార మతని కోటు కొసను లాగబోయితిమి. అతనికి కోటు లేదు. శిక్ష పడినది, పడవలసినదే. ఆస్తి నాశనము చేయుడని ఉత్తరువు చివరి పంక్తి. మూడు తరముల పనిలో తాత చేయించిన గొట్టము ఏ కొలిమినాటిదో, దానిలోని ఇనుము ఏ సీమదో అడిగినవాడు ఆ గదిలో ఒక్కడును లేడు. మేమును అడుగలేదు. ఆ సిగ్గు మాకు నేటికిని కలదు.

తెలుగు పల్లెలలో పిట్టలదొరను ఎఱుగనివారుండరు. తెలంగాణమున తుపాకిరాముడందురు. చిరిగిన ఖాకీ చొక్కా, నెత్తిన టోపీ, భుజమున కొయ్య తుపాకి. నోట ఆకాశమునకు నిచ్చెనలు. మనవాని చేతిలో కొయ్యదే మిగిలినదని పరిహసించుటకే ఈ వేషము పుట్టెనేమో యని మాకు అప్పుడప్పుడు తోచును. అది ఊహయే, చరిత్ర కాదు.

ఇతర దేశములు ఈ చిక్కును విప్పుకొన్న తీరులు భిన్నములు. అమెరికావారి 1968 చట్టము పాతకాలపు మాదిరి మూతితుపాకులను సాధారణ తుపాకుల లెక్కనుండి తప్పించినది. విలియంసుబర్గు పట్టణమున ప్రాచీన పద్ధతిని ఇనుపరేకునుండి తుపాకి చేయు కర్మాగారమొకటి ప్రజలయెదుటనే నడచుచున్నది. 1969లో దానిని చలనచిత్రముగా కూడ తీసిరి. అమెరికా తుపాకుల మోజు వలన ఆ దేశము పడుచున్న పాట్లు అందరెఱిగినవే గావున ఆ చట్టమును ఇచటికి తెమ్మనము. విలియంసుబర్గు కర్మాగారమును మాత్రము చూడుమందుము. జపానువారు మన వలెనే తుపాకి విషయమున కఠినులు. అయినను పాత జామగి తుపాకులను కళావస్తువులుగా లెక్కలో వ్రాయించి భద్రపరచుచున్నారు. ఇక మన దేశముననే బీహారులోని ముంగేరు కలదు. మీర్ కాసిము 1760 దశకములో అచట ఆయుధశాల పెట్టినది మొదలు ఆ ఊర తుపాకిపని నిలిచియున్నది. అనుమతి పొందిన కర్మాగారములు అచట కలవు. దొంగ తుపాకులును అచటనే పుట్టుచున్నవి. అనుమతి పొందినవానికి పని లేక కూలిన చోట అతని చేయి దొంగపనికి పోవును. ముంగేరు మనకు ఆశయు, హెచ్చరికయు.

కృష్ణాజిల్లాలో పనివాని చేయి చచ్చిపోలేదు. గుడివాడ ప్రాంతమున బండికమ్ములు కాల్చి తొడిగిన ముదుసలి కమ్మరులు ఇంకను కలరు. దివిసీమలో 1977 నవంబరు 19 నాటి ఉప్పెన పల్లెలను ఊడ్చివేసిన తరువాత కొడవళ్లు, గునపములు, నాగళ్లు మరల చేసి ఇచ్చినది కొలిమివాండ్రే. చిలకలపూడి ఇండ్లలో రాగిరేకుపై అచ్చువేసి బంగారుపూత పెట్టు పని తరతరములుగా సాగుచున్నది. "చిలకలపూడి బంగార"మని నవ్వుదురు గాని, ఆ అచ్చు చెక్కిన చేతిని చూచి నవ్వుటకు ఎవనికి ధైర్యము? ఆ చేతులలో ఒక జత మా బల్లయెదుటికి వచ్చి, చేయగలనో లేనో చూచుకొందునని అడిగినది.

అందుచే మేము జిల్లా అధికారులకు, రాష్ట్రప్రభుత్వమునకు కొన్ని విన్నపములు చేయుచున్నాము. చట్టమును మార్చుమను విన్నపము ఒకటియు లేదు. మొదటిది, తొందరగా కావలసినది: కేసులు ముగిసి, కోర్టు మాలుఖానాలలోను, పోలీసు ఠాణాలలోను పడియున్న నాటుతుపాకులను కరగించుటకు ముందు, పురావస్తు శాఖవా రొకరు వచ్చి ఒక్క పూట చూడవలెను. పాతవి, పనితనము గలవి ఉన్నచో పేలకుండ జేసి ప్రదర్శనశాలకు ఇప్పించుటకు చట్టమే దారి చూపుచున్నది. చూచుటకు డబ్బు పట్టదు. కరగిన తరువాత చూచుటకు ఏమియు మిగులదు. రెండవది: జాతీయ కళాశాల వెలసిన ఈ ఊరిలో, అనుమతిపత్రము గల ఒక్క కర్మాగారమును ప్రభుత్వముననే పెట్టి, గొట్టము అదుకుట, కుందా చెక్కుట, కొక్కెము అమర్చుట మొదలగు పనులను సంవత్సరమునకు నలుగురైదుగురికైనను అధికారి కన్నులయెదుట నేర్పింపవలెను. చేసిన వస్తువు ఆ గడప దాటనక్కరలేదు. నేర్పు దాటిన చాలును. తుపాకి కమాను చేయ నేర్చినవాడు తాళము చేయును, గడియారము బాగుచేయును, వైద్యుని పనిముట్టు చేయును. మూడవది: పేలుటకు ఎన్నటికిని వీలులేని మాదిరి వస్తువును చేయదలచిన పనివాడు ఎవరిని అడుగవలెనో, ఏ షరతులు పాటింపవలెనో స్పష్టముగా తెలుగులో ప్రకటింపవలెను. నేడు అడుగుటకే భయపడి, అడుగనివాడు చాటున చేయుచున్నాడు. అడిగినవాడు చుట్ట చుట్టుకొని పోవుచున్నాడు.

ఇచట ఒక ఆక్షేపణ మాకు వినబడుచున్నది. అన్నమునకు, ఉద్యోగమునకు దారి లేని కాలమున తుపాకి కొలిమి యేల? నిజమే. కలంకారీకిని మొదట ఇదే ప్రశ్న వేసిరి. బందరు అద్దకపు పని అడుగంటినప్పుడు దానిని నిలుపబూనినవారిని చూచి నవ్వినవారి మనుమలే నేడు పెడన అద్దకమును దేశదేశములకు పంపుచున్నారు. తుపాకి అట్లు వ్యాపారమగునని మేము అనుట లేదు; కాకపోవుటయే మేలు. కాని ఒక నేర్పు యొక్క విలువ అది తెచ్చు కూలి మీదనే కట్టునెడల, మన గుడుల గోపురములలో సగము కూలగొట్టవలసివచ్చును.

ఆ యువకునికి మేము మొదట చెప్పినది మార్చలేదు. గొట్టము ముట్టవలదని, కొక్కెమైనను చేయవలదని, పటములు గీయుటను ఏ చట్టమును ఆపదని చెప్పితిమి. అతడు వినెను. తరువాత ఒక ప్రదర్శనశాలకు పోయి రెండు దినములు అద్దపు పెట్టెల ముందు కూర్చుండి పాత తుపాకులను కొలతలతో గీసికొని వచ్చెను. అదుకు జాడ గొట్టము క్రిందివైపున నుండునట. పెట్టెలో తుపాకి పైవైపుననే కనబడునట. తీసి చూపుమని అడుగగా వ్రాతమూలముగా కోరవలెననిరట. ఆ అర్జీని మేము వ్రాసి పంపితిమి. పైని చెప్పిన మూడు విన్నపముల అర్జీ వేరుగా మా పఠనమందిరమున బల్లపై నున్నది. చదివి సమ్మతించువారు వచ్చి చేవ్రాలు చేయవచ్చును.